కొత్త రంగు కింద పసుపు

అరకు దారిలో మలుపు తిరగగానే తారు కాగుతున్న వాసన ముక్కుకు తగిలింది. బస్సు కిటికీ మూసినా పోలేదు. ఆ వాసన వస్తే నాకు మా పక్కింటి సుక్రి పెద్దమ్మ గుర్తొస్తుంది. ఆవిడ వెనకాలే, నాకు కుర్చీ చూపించని ఆఫీసరూ గుర్తొస్తాడు.

పెద్దమ్మ ఏ కొత్త వస్తువునూ వెంటనే నమ్మేది కాదు. సంతలో కత్తి కొన్నా పిడిని గోటితో గీకి చూసేది. నేను నవ్వితే, "నవ్వుకోరా గుంటడా. రంగెయ్యడానికి ఎంతసేపు?" అనేది. అప్పటికే నా తల నెరుస్తోంది.

రోడ్డు పని కోసం మా ఊరి కింద వాగు పక్కన తారు కాచే ప్లాంటు పెట్టినరోజు, కంట్రాక్టరు ఆవిడ చేతే కొబ్బరికాయ కొట్టించాడు. పెద్దావిడ కొడితే ఊరు నోరెత్తదనుకుని ఉంటాడు. ఆవిడ పొగగొట్టం కాలికి అరచేత్తో పసుపు అద్ది, దణ్ణం పెట్టి వచ్చింది. ఆ ఏడు వాకిళ్ళలో ఆరబోసిన కాఫీ గింజలకు పొగ పట్టేసింది. కొనేవాడు గుప్పెడు తీసి, వాసన చూసి, తిరిగి పోసేశాడు. నేను కాలుష్యం ఆఫీసుకు ఫిర్యాదు చేయడానికి వెళితే అక్కడి ఆఫీసరు కంట్రాక్టరుకు టీ తెప్పించి, నన్ను నిలబెట్టి చెప్పాడు: "కొత్త ప్లాంటయ్యా. కుదురుకునేదాకా పొగ పరిమితులు వర్తించవు. ఒక్క సీజను ఓర్చుకోండి." ఆ టీ రంగు కూడా నాకు గుర్తుంది.

ఓర్చుకున్నాం. మినహాయింపు గడువు ముగుస్తుందనగా ప్లాంటు విప్పేశారు. ఊరంతా సంతోషించింది, పెద్దమ్మ తప్ప. "ఇంత బేగి ఎల్లిపోనాడంటే, ఎక్కడికెల్లాడో సూడాల," అంది. వెళ్ళింది వాగు అవతలికే. మళ్ళీ కాఫీ కోతలవేళకు అక్కడ ఆకుపచ్చగా మెరుస్తూ నిలబడింది, వేరే కంపెనీ పేరుతో. అంటే మళ్ళీ కొత్తదే, మళ్ళీ మినహాయింపే. కొబ్బరికాయకు మళ్ళీ పెద్దమ్మకే పిలుపు.

ఈసారి ఆఫీసరూ వచ్చాడు. పెద్దమ్మ కాయను చంకలో పెట్టుకుని, పొగగొట్టం కాలి దగ్గర కూర్చుని గీకింది. తుడవకుండా వేసిన రంగు పెచ్చులుగా లేచింది. కింద పసుపు.

"ఏటి బాబూ, దీనికి పురుడు నేనే పోసినాను గదా. మళ్ళీ ఎప్పుడు పుట్టింది?"

"ముసల్దానివి, ఏదో చూసి ఏదో అనుకుంటున్నావు," అన్నాడు కంట్రాక్టరు.

"సెయ్యి ముసలిదే. అచ్చు సూడు," అని ఆ మరక మీద తన అరచెయ్యి ఆనించింది.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ఆవిడ కాయ కొట్టలేదు. "పచ్చడి సేసుకుంటాను," అని ఇంటికి తెచ్చేసుకుంది. ఆ అచ్చును నేను ఫోన్లో తీసిన ఫోటోతో మళ్ళీ ఆ ఆఫీసులో నిలబడ్డాను. పైవాళ్ళకు పంపుతానన్నాకే మినహాయింపు ఆపారు. ఆ ఏడు గింజలు పొగ తగలకుండా ఆరాయి. కుర్చీ మాత్రం అప్పుడూ చూపించలేదు.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. వాసన వచ్చినచోటే బస్సు దిగాను. కొత్త బోర్డు, నీలం రంగు పొగగొట్టం. గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురొచ్చాడు.

"ఏటి కావాలండి? టీ తాగుతారా?"

అడగకుండా టీ ఇస్తామంటే నాకు అనుమానం. "తరవాత తాగుతాను," అన్నాను. ఆవిడ పోయినప్పటినుంచి నా బొటనవేలి గోరు కాస్త పెంచే ఉంచుతున్నాను. నేరుగా పొగగొట్టం కాలి దగ్గరికి నడిచాను.