టోపీ కింద జుట్టు

పొద్దున్నే దువ్వెన తడిపి కొడుకు ఆంబ్రోస్ తల దువ్వడం, ఒక్క వెంట్రుకైనా కనబడకుండా టోపీ చెవుల దాకా లాగి గడ్డం కింద ముడి వేయడం థామసిన్‌కు అలవాటు. రాణిగారి చెలికత్తెగా ఉన్న రోజుల్లో రాజుగారి వల్ల కలిగిన బిడ్డ వాడు. జుట్టు అచ్చం ఆయనదే, రాగి రంగు. నేను పిలిపించేదాకా వాణ్ని దాచిపెట్టు అని చెప్పి, ఆయన ఆమెను నల్లజుట్టు రాల్ఫ్‌కు కట్టబెట్టి ఈ పల్లెకు పంపేశారు. "ఎండల్లో కూడా ఆ టోపీ ఏంటమ్మా, పేలు పడతాయి" అని చాకలి మార్జరీ దెప్పితే, "చూడాల్సినవాళ్లు చూశాక తీస్తాలే" అని నవ్వేది.

ఈ వేసవిలో రాజుగారు కొత్త రాణితో వేటకు ఈ దారినే వచ్చారు. ఆయన ఎదుట మగవాళ్లంతా టోపీలు తీయాల్సిందే. థామసిన్ తన చేత్తోనే ముడి విప్పింది. రాగి జుట్టు ఎండలో భగ్గుమంది. రాజుగారు గుర్రం ఆపి ఆ తలను చాలాసేపు చూశారు. తర్వాత రాల్ఫ్ వైపు తిరిగారు.

"నీ కొడుకా? అచ్చం నీ పోలికే."

రాల్ఫ్ నల్లటి తల వంచి, "తమ దయ ప్రభూ" అన్నాడు.

గుర్రాల దుమ్ము అణిగాక ఆంబ్రోస్ గడ్డం ఎత్తి, "ముడి వెయ్యమ్మా" అన్నాడు. థామసిన్ ఆ టోపీని పక్కనే నిలబడ్డ మార్జరీ చేతిలో పెట్టింది.

"చూడాల్సినవాళ్లు చూశారు. మసిగుడ్డకు పనికొస్తే ఉంచుకో."