రెండో వరుసలో ఆగే పాట

మా మిల్లులో పనిచేసిన తెల్ల ఇంజినీరు తన దేశానికి వెళ్ళిపోతూ కుక్కను వెంట తీసుకెళ్ళి, పియానోను మా చర్చికి ఇచ్చి పోయాడు. కోయంబత్తూరులో మిల్లు పనివాళ్ళుండే మా లైను ఇళ్ళ చివర ఉండేది ఆ చర్చి. ఎద్దులబండి మీద వచ్చిన పియానోను ఆరుగురు లోపలికి మోశారు. వాళ్ళలో మా నాయన ఒకడు. ఆయన స్పిన్నింగులో మేస్త్రీ. అంత బరువున్న వస్తువు అంత సన్నటి చప్పుడు చేయడం ఆయనకు చాలాకాలం మింగుడుపడలేదు.

దాన్ని వాయించడం మాలో ఎవరికీ రాదు. ఎవరైనా నేర్చుకుని క్రిస్మస్‌కు ఒక్క పాటైనా వినిపించాలని మా పాస్టరు అయ్యగారు ఒక ఆదివారం ఆరాధన చివర అడిగారు. ముందు వరుసలో ఉన్న మా అవ్వ లేచి, నా చెయ్యి పట్టి పైకెత్తింది. నాకప్పుడు పదకొండేళ్ళు.

"దీని వేళ్ళు చూడండయ్యా. తెగిన నూలు అతికే వేళ్ళు. ఇది నేర్చుకుంటాది" అంది.

నేను జన్మలో నూలు అతికింది లేదు. ఆ పని ఏళ్ళ తరబడి చేసింది అవ్వే.

పోదనూరు రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ ఉండేది. అవ్వా నేనూ ప్రతి శనివారం బస్సెక్కి ఆమె ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఆమె ఇంగ్లీషూ తమిళమూ కలిపి మాట్లాడేది. పాఠం సగమే అర్థమైనా తిట్లు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి. మొదటిరోజే నా రెండు చేతుల మీద చెరొక రాగి నాణెం పెట్టి, అవి పడకుండా వాయించమంది. రెండూ పడ్డాయి. అవ్వ అది బాగా గమనించి, ఊళ్ళో సాధన చేసేటప్పుడు నాణేలకు బదులు చింతగింజలు పెట్టింది. అవి ఇంకా నున్నగా ఉండేవి. నా బాల్యంలో సగం పియానో కింద చింతగింజలు ఏరుకోవడంతోనే గడిచింది.

టీచరమ్మ నాకిచ్చింది ఒక మినుయెట్. ఎవరో జర్మనీ పెద్దాయన ఎప్పుడో రాసిన రెండు పేజీల పాట. పాతకాలపు దొరలూ దొరసానులూ దానికి అడుగులు వేసేవారట. నేను వాయించిన వేగానికి అడుగు వేసి ఉంటే, ఎత్తిన కాలు దించే లోపల వాళ్ళకు ముసలితనం వచ్చేది.

సాధనకు మరో చిక్కు ఉంది. మిల్లు మూడు షిఫ్టులు నడిచేది. ఏ గంటలో చూసినా లైనులో మూడోవంతు మంది నిద్రలో ఉండేవారు. నేను మొదలుపెట్టిన రెండో రోజే, రాత్రి షిఫ్టు చేసి పడుకున్న ఒక మామ దుప్పటి కప్పుకుని చర్చి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పాపా, మిల్లులో వెయ్యి కదుర్లు తిరుగుతుంటే నిలబడే నిద్దరొస్తాది నాకు. నువ్వు ఒక వేలు పెడితే లేచిపోతుండాను" అన్నాడు. కోపంగా కాదు, జబ్బు చెప్పుకున్నట్టు.

పెద్దలు కూర్చుని ఒక ఏర్పాటు చేశారు. సాయంత్రం షిఫ్టు మారే సంగు, అంటే మిల్లు సైరను, ఊదినప్పుడు అందరూ ఎలాగూ లేస్తారు కాబట్టి, ఆ కూత నుంచి అరగంట నాది.

రెండు నెలలు బాగానే సాగింది. ఆ తర్వాత మిల్లు గాలిలో ఎగిరే దూది పియానోలోకి చేరి, పాట రెండో వరుసలో కావలసిన ఒక తెల్లమెట్టు బిగుసుకుంది. మిల్లులో ఫిట్టరుగా ఉన్న మా మేనమామ నూనెడబ్బా తెచ్చి, పెద్ద వైద్యుడిలా మూత ఎత్తి, లోపల దండిగా పోశాడు. అంతకుముందు ఆ మెట్టు కొంచెం బిగుతుగా ఉండేది. ఇప్పుడు నొక్కితే దిగిపోయి, మళ్ళీ పైకి లేవనే లేదు.

ఇక ఆ చోటు రాగానే నేను పాట ఆపి, ఎడమచేతి వేలితో మెట్టును పైకి లాగి, మళ్ళీ అందుకునేదాన్ని. రోజూ సాయంత్రం అరగంట అదే పాట, అదే చోట అదే ఆగుడు. లైను మొత్తానికి పాట కంఠతా వచ్చేసింది, ఆగుడుతో సహా. నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు దాన్ని కూనిరాగం తీస్తూ సరిగ్గా అక్కడ ఆగేవాళ్ళు. పళనికి నడిచి వెళ్ళిన పక్కింటి అత్త, కావడి పాట మధ్యలో తెలియకుండానే ఆగిపోయి వెనకవాళ్ళ చేత కాళ్ళు తొక్కించుకుందట.

పోదనూరులో టీచరమ్మ పియానోకు ఏ రోగమూ లేదు. అయినా నా చెయ్యి అక్కడా ఆగేది. లేవని మెట్టును లాగడానికి ఎడమచేయి గాలిలోకి లేచేది. ఇదేమిటని అడిగితే జరిగింది చెప్పాను. మరుసటి వారం ఆమే మా చర్చికి వచ్చింది. మేనమామ నూనెడబ్బాతో సహా ఎదురొచ్చి, తాను చేసిన మరమ్మతు గర్వంగా చూపించాడు. ఇదేమైనా మగ్గమా అని ఆమె తమిళంలో ఒకే ఒక ప్రశ్న వేసి బల్ల మీద కూలబడింది. మధ్యాహ్నమంతా కూర్చుని మెట్టు ఊడదీసి, అద్దుడు కాగితంతో నూనె పీల్చి, చివర తన సంచిలోని ముఖం పౌడరు చల్లింది. మెట్టు లేచింది.

చెయ్యి మాత్రం దిగలేదు. మూడు వారాల పాటు టీచరమ్మ పాట మొత్తం మాన్పించి, ఆ ఆగుడుకు ముందు రెండు స్వరాలూ వెనక రెండు స్వరాలూ మాత్రమే వాయించమంది. ఒక చేత్తో, మరో చేత్తో, కళ్ళు మూసుకుని. నలభైసార్లు సరిగ్గా వచ్చి, నలభై ఒకటోసారి ఎడమచెయ్యి లేచేది. ఒక సాయంత్రం పియానో మూత మీద తల పెట్టుకుని ఏడ్చాను, ఇక నా వల్ల కాదన్నాను. అవ్వ చింతగింజలు కొంగులో కట్టుకుని పక్కన కూర్చుంది.

"నూలు తెగినప్పుడంతా ఏడ్చుంటే మిల్లు ఆ దినమే మూసుండాల. కొంచం నీళ్ళు తాగి మళ్ళీ అతుకు" అంది. లేస్తూ, "అయినా ఆడ ఆగితేనే బాగుండాది" అని కూడా అంది.

క్రిస్మస్ ఉదయం చర్చి నిండిపోయింది. లైనులోని హిందువులూ వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. నేను మొదలుపెట్టగానే వెనక కాళ్ళతో తాళం వినబడింది. అందరికీ తెలిసిన పాట కదా. రెండో వరుస వచ్చింది. ఎడమచెయ్యి ఉన్నచోటే ఉంది. పాట ఆగకుండా, నీళ్ళలా ముందుకు పోయింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

సరిగ్గా అక్కడ చర్చి మొత్తం ఆగింది. కాళ్ళు గాలిలో నిలిచిపోయాయి. వాళ్ళు తిరిగి అందుకునేసరికి నేను పాట మూడో వరుసలో ఉన్నాను. ఎవరో దగ్గారు. అంతా తెలిసినవాడిలా నడిచే మా నాయన కూడా తలవంచుకున్నాడు. ముందు వరుస నుంచి అవ్వ గొంతు అందరికీ వినబడింది.

"నడిమిన ఉండే ఆగుడు మింగేసిందే ఇది."

బయటికొస్తుంటే రాత్రి షిఫ్టు మామ నా తల నిమిరి, బాగుందనీ, ఒక్కచోట తప్పినా పరవాయిల్లేదనీ ఓదార్చాడు. తప్పిందని జాలిపడినవాళ్ళే అందరూ. తప్పలేదని చెబితే ఎవరూ నమ్మలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక కేకు ముక్కలు రెండు ఎక్కువ తిన్నాను.

శనివారం టీచరమ్మ ఎలా జరిగిందని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. అంతవరకు ఆమె పళ్ళు నేను చూడలేదు. ఆ రోజు కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వింది. తర్వాత తన సంగతి చెప్పింది. పద్దెనిమిదేళ్ళప్పుడు రైల్వేవాళ్ళ విందులో మొదటిసారి వాయించిందట. పాట ముగింపు మరిచిపోయి, గుర్తొస్తుందేమోనని మళ్ళీ మధ్య నుంచి ఎత్తుకుని, అలా నాలుగుసార్లు తిరిగిందట. చివరికి జనం లేచి భోజనాలకు వెళ్ళిపోయారట.

"మరి పాట ఎట్ల ముగించినారు?" అని అడిగాను.

ఎవరూ లేరు కదా, మూత వేసేసి తానూ భోజనానికి వెళ్ళానంది. కూర బాగుందట. అంటూనే కొత్త పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. మూడు పేజీలు, నిండా నల్లమెట్లే. నేను గట్టిగా ఊపిరి తీసుకుని మొదటి స్వరం నొక్కాను. అది కాదంది టీచరమ్మ.