తాతగారి వాటా

తొంభైల చివర్లో అరకులో మాకో విస్కీ క్లబ్బు ఉండేది. నెలకొకరు పాత స్కాచ్ తేవాలి. నా వంతు వచ్చినప్పుడు, తాతగారి ఆస్తిలో మిగిలిన ఒకే ఒక్క సీసా పట్టుకెళ్లాను. చితికిపోయినవాళ్లమని అనిపించుకోకూడదు కదా.

మూత తీయగానే సభ్యుల్లో ఒకడైన చింతపల్లి కాఫీ రైతు ఆపాడు. "ముందు పెద్దలకి నేల మీద సుక్క ఎయ్యాల బాబూ."

మా తాతగారికి ఒక్క చుక్కా? సీసా ఒంచి ధారగా పోశాను.

"ఏటి బాబూ, సుక్కంటే ముప్పాతిక సీసా ఒంపేసినారు!"

"మా ఇంట్లో కొలిచి పోసే అలవాటు లేదు."

"మీ తోటలన్నీ ఎలాగ పోయినాయో ఇప్పుడు తెలిసింది."

అందరూ నవ్వారు. మిగిలింది తలా రెండు చెంచాలు వచ్చింది. అద్భుతమన్నారు. నా వాటా పక్కాయనకిచ్చేసి, ఇది మాకు అలవాటైన రుచేనన్నాను. అదెలా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు.