పదకొండో నంబరు మడి

మా తమ్ముడు కటింగ్ మాస్టర్. టేపు మెడలో వేసుకుని మనిషిని ఎగాదిగా చూశాడంటే చాలు, సగం కొలతలు చెప్పేసేవాడు. ఇరవై ఏళ్లు ఆ కత్తెరే వాడి లోకం. ఒకరోజు కోటు గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. మధ్యాహ్నం దాకా చూసి షాపు యజమాని నాకు కబురు పెట్టాడు. ఆ తర్వాత వాడు షాపు మెట్లెక్కలేదు. నాతోనూ మాట్లాడలేదు. అడిగితే తలూపడం, లేకపోతే అదీ లేదు.

చుట్టాలు తలో మాటా అన్నారు. బద్ధకమన్నారు, పెళ్లి చేస్తే అంతా సర్దుకుంటుందన్నారు. నా నోటికి జడిసి రావడం మానేశారు. పీడా పోయింది.

మందులిచ్చే డాక్టరు, ఆస్పత్రి వెనకున్న తోటకి పంపమన్నాడు. మనసు బాగోలేనివాళ్ల కోసం పాత షెడ్డు పడగొట్టి వేసిన తోట అది. పద్నాలుగు మడులు, మనిషికొకటి. వీలైన వేళ వచ్చి, గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి, ఎవరి మడి వాళ్లు చూసుకోవాలి. మడి లేనివాళ్లని లోపలికి రానివ్వరు. మూడు వారాలు రాకపోతే అది వరుసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. మట్టి పిసికితే మనసు బాగవుతుందా అని నేను నవ్వాను. ఆ నవ్వుకి తర్వాత చెంపలేసుకున్నాను. రెండో నెలలో ఒకరోజు వాడు టమాటా మొక్క ముందు గొంతుక్కూర్చుని, "నీళ్లు ఎక్కువయ్యాయక్కా. ఆకులు చూడు, పసుపెక్కాయి" అన్నాడు. ఎనిమిది నెలల్లో వాడంతట వాడన్న మొదటి మాట. చేతిలో చెంబు పట్టుకుని అందరి ముందూ భోరుమన్నాను.

వానలు మొదలయ్యాక వాడు మళ్లీ మంచానికి అంటుకుపోయాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. బతిమాలాను, తిట్టాను, ఒకరోజు దుప్పటి లాగేశాను కూడా. లాభం లేకపోయింది. మూడో వారం దగ్గరపడుతుంటే నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. వాడు నోరు విప్పిన చోటు ఈ లోకంలో అదొక్కటే. అదీ పోతే ఇక వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్లను?

అందుకే పొద్దున్నే బైండింగ్ షాపులో పనికి వెళ్లేముందు నేనే తోటకి వెళ్లడం మొదలుపెట్టాను. పుస్తకంలో వాడి సంతకం గీకి, కలుపు తీసి, చిక్కుడు తీగలకి కర్రలు కట్టి వచ్చేదాన్ని. వాచ్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆయన తల్లికీ ఇదే జబ్బట. సాయంత్రం మంచం పక్కన కూర్చుని మడి కబుర్లన్నీ తమ్ముడికి చెప్పేదాన్ని. వింటున్నాడో లేదో తెలిసేది కాదు.

నా తెలివి తెల్లారింది ఇక్కడే. తోట చూసే నర్సమ్మ నెలకోసారి మడులన్నీ తిరిగి నోటుబుక్కులో రాసుకుంటుంది. మడి ఎండితే మనిషి కుంగాడని, పచ్చగా ఉంటే తేరుకున్నాడని వాళ్ల నమ్మకం. పదకొండో నంబరు మడి మొత్తం తోటలోకెల్లా మేటిగా ఉంది. పంతం కొద్దీ పెంచాను కదా!

మందుల కోసం వెళ్లిన రోజు డాక్టరు ఎన్నడూ లేనిది నవ్వుతూ కుర్చీ చూపించాడు. "మీ తమ్ముడు బాగా కోలుకున్నాడమ్మా. రేపటినుంచి ఆ మడి ఇంకొకరికి ఇస్తున్నాం. వాళ్లని పిలిపించాం కూడా" అన్నాడు.

ఉన్నదున్నట్టు కక్కేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది, నేనూ తిరిగి అరిచేదాన్ని. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అయితే ఆరు వారాలుగా రాలేదన్నమాట" అన్నాడు. మూడు వారాల సంగతి ఆయన ఎత్తనే లేదు, ఎత్తక్కర్లేదు. బాగుపడ్డా పోయేదే, పడకపోయినా పోయేదే. వరుసలో మళ్లీ పేరు రాయిస్తానని, ఏడాదిలోపు వంతు రావచ్చని, ఈలోగా ఇంటికే మనిషిని పంపుతానని అన్నాడు. మంచివాడే. మంచివాడితో ఏమని పోట్లాడతాం?

మడి కోసం వచ్చినావిడ వరండాలో కూర్చుని ఉంది. ఆవిణ్ణి కడిగేద్దామనే వెళ్లాను. పక్కన కూతురు, పదహారేళ్లుంటాయేమో, గోళ్లు కొరికి కొరికి వేళ్లన్నీ పుండ్లు చేసుకుంది. తల్లి ఆ చేతిని తన రెండు చేతుల్లో దాచుకుని కూర్చుంది. చిక్కుడుకి రోజు విడిచి రోజు నీళ్లు చాలని చెప్పి వచ్చేశాను.

తమ్ముడికి ఎలా చెప్పాలో తోచలేదు. ఆ సాయంత్రం, చిక్కుడు పూసిందని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు. నిజంగానే పూసింది, తెల్లగా.

మర్నాడు పొద్దున నేను పనికి తయారయ్యేసరికి వాడు లేచి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. చొక్కా గుండీలు తనే పెట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పద అక్కా, పూత చూద్దాం" అన్నాడు.

ఇంటి తాళంచెవి కనబడటం లేదన్నాను. అది నా చేతిలోనే ఉంది. వాడు దాన్ని చూశాడు. నేను వస్తానని అక్కడే నిలబడ్డాడు.