పట్టాభి గారు దిద్దిన మొహం

ఏ విద్య అయినా సామాను కొనేస్తే సగం వచ్చేసినట్టేనని పట్టాభి గారి నమ్మకం. హార్మోనియం అలాగే కొన్నారు, హోమియోపతి పెట్టె అలాగే కొన్నారు. రెండూ దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో అటకెక్కాయి. కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్ళు నక్షలు గీసి రిటైరైన మనిషి కనుక గీత అనేది తన సొత్తని ఆయన ధీమా. అవన్నీ స్కేలు పెట్టి గీసిన గీతలని ఎవరూ గుర్తు చేయలేదు.

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది దసరా ముందు ఆయన కన్ను ఒక కొండపల్లి బొమ్మ మీద పడింది. మజ్జిగ చిలికే ఆడమనిషి, బెత్తెడు ఉంటుంది. భార్య హనుమాయమ్మకు తల్లి సారెలో పెట్టిన బొమ్మల్లో మిగిలింది అదొక్కటే. మొహం మీద రంగు పెచ్చులూడుతోంది. మామూలుగా అయితే ఆమె తమ్ముడు తీసుకెళ్ళి కొండపల్లిలో రంగులు వేయించి తెచ్చేవాడు. ఇప్పుడు సమ్మె వల్ల ఎల్‌బీ నగర్‌లో అటు వెళ్ళే బస్సు ఒక్కటీ కదలడం లేదు.

"ఈసారికి ఇలాగే కొలువులో పెడతానండీ. మీరు ముట్టుకోకండి," అంది హనుమాయమ్మ.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే ఆయన గరుకు కాగితంతో ఆ మొహాన్ని నున్నగా గీకేశారు. తిరిగొచ్చిన హనుమాయమ్మ బొమ్మను ఆయన చేతిలోంచి లాక్కుంది.

"మా అమ్మ ఏరి కొన్న మొహమండీ అది. ఎక్కణ్ణుంచి తెస్తారో, కొలువు నాటికి తెచ్చివ్వండి."

ఆయన అంగట్లో అన్నిటికన్నా సన్నని బ్రష్షులు డజను కొన్నారు. బొమ్మ చిన్నది కనుక బ్రష్షూ చిన్నదే ఉండాలట! పాత చెక్కముక్క మీద గీసి చూస్తే రంగు మొనలోనే ఎండిపోయింది. మూడు రోజులు చెక్కను తిట్టి, నాలుగో రోజు సందు చివర బోర్డులు రాసే జంగయ్య దగ్గరికి వెళ్ళారు. ఇన్నేళ్ళూ అతన్ని గోడలు ఖరాబు చేసేవాడనేవారు. జంగయ్య అప్పుడు ఒక మెస్సు బోర్డు మీద 'ఆంధ్ర' చెరుపుతున్నాడు. అదీ ఆంధ్ర నుంచి వచ్చిన తనను ఉద్దేశించే అనుకున్నారు పట్టాభి గారు.

"గా సన్నది పక్కకు పెట్టుండ్రి సార్. మొన మంచిగున్న పెద్ద బ్రష్షు తీస్కోండ్రి. రంగు జర పల్సగ కలుపుండ్రి. చింతగింజలకు తెల్లరంగేసి ఒక్కోదాని మీద రెండు కండ్లు గియ్యుండ్రి. వెయ్యి గీసినంక బొమ్మ ముట్టుండ్రి."

"వెయ్యా! నాకెందుకయ్యా అన్ని?"

"చెయ్యికి ఎరుక కావాలె గద సార్."

నిజం చెప్పాలంటే చెయ్యి కుదిరింది. ఏడో గింజకు గీత వణకడం తగ్గింది, పన్నెండో గింజ మీద రెండు కళ్ళూ సమానంగా వచ్చాయి. అంతే, మహానుభావుడికి విద్య పూర్తయిపోయింది. బోర్డులవాడికి వెయ్యి కావాలేమో, తనకు పన్నెండు చాలు!

గింజ మీద ముక్కుండదు, బొమ్మకు ఉంటుంది. ఆ సంగతి కుడికన్ను పూర్తయ్యాక తెలిసింది. ముక్కు అడ్డొచ్చి ఎడమకన్ను కణత దాకా పాకింది. సరిచేయబోతే లావైంది, దానికి సరిపోవాలని కుడికన్నూ లావు చేశారు. కొలువు నాటికి మజ్జిగ చిలికే తల్లి దొంగను చూసి కొయ్యబారిన దానిలా తయారైంది.

పేరంటానికి వచ్చిన పక్కవీధి సూర్యప్రభ బొమ్మ ముందు ఆగింది. "ఇది పిల్లలు వేశారా పిన్నిగారూ?"

వరండాలో పేపరు వెనక పట్టాభి గారు పేజీ తిప్పడం ఆపేశారు.

"అవునమ్మా," అంది హనుమాయమ్మ. "మా తమ్ముడి మనవరాలు. ఆరేళ్ళది."

"ఆరేళ్ళకే ఇంత బాగా వేసిందా! ముందుముందు మంచి చెయ్యి అవుతుంది."

సిగ్గుపడవలసిన మనిషి ఛాతీ విరుచుకున్నారు. పేరంటాళ్ళు వెళ్ళగానే కొలువు దగ్గరికి వచ్చారు.

"విన్నావా? మంచి చెయ్యి అవుతుందట."

"ఆరేళ్ళ పిల్లయితే నేర్చుకుంటుందండీ," అంటూ హనుమాయమ్మ తన తల్లి ఇచ్చిన బొమ్మను గోడవైపు తిప్పి పెట్టింది.