పాచి చెయ్యి

మా ఇంట్లో పాచి అన్న మాటకు కచ్చితమైన హద్దులుండేవి. నిద్ర లేచినప్పటి నుంచి పళ్ళు తోముకునే దాకా మనిషి మొత్తం పాచి. పాచి మొహంతో కాఫీ తాగకూడదు, పాలగిన్నె మూత తీయకూడదు. తోముకున్నాక ఏ పట్టింపూ లేదు.

బీటెక్ అయ్యాక భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో నాణ్యత విభాగంలో చేరాను. ప్రొబేషన్ ఆరు నెలలు. ఐదో నెలలో, కొనుగోలుదారుల తరఫున తనిఖీకి ఒకాయన వస్తున్నారనీ, రొయ్యలు ఒలిచే హాలు అందులో తప్పితే నన్ను పర్మనెంట్ చేయడం కష్టమనీ మేనేజరుగారు మర్యాదగానే చెప్పారు. ఒలిచేవాళ్ళంతా మొగల్తూరు వైపు నుంచి వ్యానులో వచ్చే ఆడవాళ్ళు. వాళ్ళకోసం పద్నాలుగు నియమాలు బోర్డు మీద రాసి గోడకు తగిలించాను. మొదటిది: ‘వ్యక్తిగత పరిశుభ్రతా లోపమే కాలుష్యానికి మూలకారణం.’

వారం గడిచినా మాస్కు సర్దుకున్న చెయ్యి తిన్నగా రొయ్య మీదికే వెళ్తోంది. వాళ్ళలో పెద్దావిడను అందరూ అత్త అంటారు. ఆవిడనే అడిగాను.

“బోర్డు చదివారా అండి?”

“చదివామండి. సినిమాకి ముందు పొగాకు ప్రకటనలా ఉందండి.”

“మరి ముక్కు గోక్కున్న చేత్తో రొయ్య ముట్టుకుంటే?”

“ఛీ, పాచి చెయ్యి కదండీ! అలా చెప్పరేంటి మరి? మూలకారణమంట!”

బోర్డు మార్చాను. ఒకటే వాక్యం: పాచి చేత్తో రొయ్య ముట్టుకోకూడదు. ఏది పాచో అత్తే తేల్చింది. మాస్కు పాచి, తలుపు గొళ్ళెం పాచి, ఫోనైతే పాచికి అమ్మమ్మ. రెండు రోజుల్లో “ఏమే, పాచి!” అని ఒకరినొకరు సింకు దగ్గరికి తరుముకోవడం మొదలైంది.

తనిఖీ రోజు ఫోను తీసి, వచ్చినాయనకు హాలు ఉష్ణోగ్రతల గ్రాఫ్ చూపించాను. అదే చేత్తో ట్రేలోంచి ఒక రొయ్య తీశాను.

“సారండీ! పాచి!” అత్త గొంతు.

హాలంతా నవ్వు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. రొయ్యను చెత్తడబ్బాలో వేసి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి తనిఖీ ఆయన అత్తను అడుగుతున్నారు: “ఆఫీసరుకి కూడా చెప్తారా?”

“చెయ్యి ఎవరిదైతే ఏంటండి? తినేవాళ్ళకి తెలుస్తాదా?”

రిపోర్టులో నా తప్పు ఒక వరుస. దాని కిందే, పై అధికారినైనా ఆపగలిగే సిబ్బంది ఉన్నారని మెచ్చుకోలు. హాలు పాసైంది.

పర్మనెంట్ కాగితం రాగానే అత్తకు చూపించబోయాను. తడి చేతులు పైకెత్తి వెనక్కి జరిగింది.

“అక్కడే పట్టుకోండి బాబూ, చూస్తాను. కాగితం పాచి.”