అమ్మ గడిలో దిద్దుబాటు

ఏదో ఒక రోజు నా కూతురు ఫోనులో మా వంశవృక్షం తెరిచి, నేను చెప్పకముందే అంతా చదివేస్తుందేమోనని నా భయం. దానికిప్పుడు రెండేళ్లు. దానికి పదకొండో నెల నడుస్తుండగా దత్తత తెచ్చుకున్నాం. అక్షరాలు రావడానికి ఇంకా చాలా రోజులున్నాయని తెలుసు. కానీ నీళ్ల నమూనాలు పరీక్షించే ఉద్యోగం నాది. కంటికి కనబడనిదాన్ని ముందే అనుమానించడం అలవాటైపోయింది.

ఈ భయం నాకు మా బాబాయి వల్ల పట్టుకుంది.

బాబాయి ముప్పై ఒక్క ఏళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫ్‌రీడరు. వరస కింద స్కేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివేవాడు. మందుసీసా చేతికిచ్చినా ముందు దాని మీది కాగితంలో తప్పులు వెతికేవాడు. ఆయన రిటైరైన ఏడాదే మావాళ్లెవరో ఆన్‌లైన్‌లో కుటుంబ వృక్షం మొదలుపెట్టారు. అరవై మూడు మంది తలా ఒక చెయ్యి వేశారు. పేరు కలిసిన చోటల్లా మనుషులు కలిసిపోయారు. మా పెదనాన్నది ముత్తాత పేరే కావడంతో ఇద్దరూ ఒకే గడిలో ఇరుక్కున్నారు.

"చూశావా తల్లీ, మా అన్నయ్య మా నాన్నకి తండ్రయిపోయాడు," అని నవ్వాడు బాబాయి. "ఇంట్లో ఎప్పుడూ ఆ పెత్తనమే చేసేవాడులే."

అలా దిద్దుబాటు ఆయన నెత్తిన పడింది. ఒక నియమం పెట్టుకున్నాడు: రెండు కాగితాలు ఒకే సంగతి చెబితేనే తల్లినో తండ్రినో మార్చాలి. జనన పత్రాలు, బడి సర్టిఫికెట్లు, పాత ఉత్తరాలు అట్టపెట్టెల్లో పోగేశాడు. ఆరు నెలల్లో పద్దెనిమిది మంది పిల్లల్ని సొంత తల్లిదండ్రుల దగ్గరికి చేర్చాడు.

పంతొమ్మిదో మనిషి మా బావ.

బావ పెద్దత్తయ్య కొడుకు. కానీ కన్నది ఆవిడ చెల్లెలు, మా చిన్నత్తయ్య. పెద్దత్తయ్యకు పిల్లల్లేరని, తొమ్మిదో రోజునే బిడ్డను అక్క చేతుల్లో పెట్టింది. ఆ బిడ్డను తువ్వాలులో చుట్టి బస్సులో తీసుకెళ్లింది బాబాయే. పెద్దవాళ్లందరికీ తెలుసు. బావ మాత్రం చిన్నత్తయ్యను పిన్ని అంటూనే పెరిగాడు. నలభై ఒక్క ఏళ్ల మనిషికి ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారని బాబాయి అనుకున్నాడు. ఆ ఎవరో ఒకరు మా ఇంట్లో ఎవరూ కాలేదు.

ఆసుపత్రి చీటీ ఉంది, జనన పత్రం ఉంది. బావకు తల్లి గడిలో బాబాయి చిన్నత్తయ్య పేరు పెట్టాడు. మార్పు జరిగినట్టు ఆ సైటు అరవై మూడు మందికీ మెయిలు పంపింది.

బావ బస్సు డిపోలో మెకానిక్కు. టీ తాగుతూ ఫోను చూసుకుని, వెంటనే బాబాయికి చేశాడు.

"మామయ్యా, నీ కంప్యూటర్లో తప్పు పడింది. అమ్మ ఉండాల్సిన చోట పిన్ని వచ్చింది. కాస్త సరిచెయ్యి."

"అది తప్పు కాదురా," అన్నాడు బాబాయి.

ఆ మాట ముప్పై ఒక్క ఏళ్ల అలవాటుతో దానంతటదే వచ్చేసిందని తర్వాత నాతో చెప్పాడు. అవతల ఎవరో బస్సు ఇంజను స్టార్టు చేశారట. అది ఆగేలోపు బావ ఫోను పెట్టేశాడు.

బావ గొడవేమీ చేయలేదు. పెద్దత్తయ్యను ఎప్పటిలాగే అమ్మా అన్నాడు. చిన్నత్తయ్యను మాత్రం పిన్నీ అనలేక, అమ్మా అనలేక, "ఇదిగో" అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆవిడ వంటగదిలోకి వెళ్లిపోయేది.

పెద్దత్తయ్య బాబాయిని ఒక్కటే అడిగింది. "నలభై ఏళ్లు నోరు మూసుకున్నావు కదరా. ఇంకో పూట ఆగి నా చెవిన వేసుంటే, ఆ మాటేదో నేనే వాడికి చెప్పుకునేదాన్ని కదా?"

ఆ సైటులో కన్నతల్లికొకటి, పెంచిన తల్లికొకటి వేరువేరు గడులున్నాయని బాబాయి వారం తర్వాత కనిపెట్టాడు. ఇద్దరినీ చేర్చాడు. ఇప్పుడు వృక్షంలో అంతా సరిగ్గానే ఉంది. బావ మళ్లీ దాన్ని తెరవలేదు.

మొన్న మా పాపను చేర్చమని కాగితాలు పట్టుకెళ్లాను. బాబాయి వాటిని ముట్టుకోలేదు.

"దానికి చెప్పావా?"

"రెండేళ్ల పిల్ల బాబాయ్. ఏం అర్థమవుతుంది?"

"అర్థం కానప్పుడే మొదలుపెట్టు తల్లీ. అర్థమయ్యే నాటికి అది పాత సంగతైపోవాలి. మీ బావకి చూడు, కొత్త కబురైంది."

"నాకు నోరు రావడం లేదు బాబాయ్."

"రాదు. మనవాళ్లెవరికీ రాలేదు. అందుకే రోజూ చెప్పు."

రోజూ పాపకు నీళ్లు పోసేటప్పుడు చెబుతున్నాను. నువ్వు ఇంకో అమ్మ కడుపున పుట్టావని, నేనూ నాన్నా వచ్చి తెచ్చుకున్నామని. అది చెంబు లాక్కుని నా మీదే నీళ్లు పోస్తుంది. ఇప్పటికీ సగంలోనే ఆపేస్తున్నానని ఫోనులో చెబితే, బాబాయి అన్నాడు: "మొదటి వంద సార్లు దానికోసం కాదమ్మా, నీ నోటికి అలవాటవడానికి. ఆపకు."